అమర్చబడిన శరీరం: సంఘంలో సమన్వయ పదాల వాడుక – ఒక విమర్శ

ఉపోద్ఘాతం

మన సంఘాలలో బాగా వాడుకలోకి వచ్చిన మాటలలో ‘సమన్వయం’ ఒకటి. సమన్వయ కమిటీలు వేస్తున్నాము, సమన్వయకర్తలను నియమిస్తున్నాము. ఏదైనా పని చెడిపోయిందని వార్షిక నివేదికలో ఒప్పుకోవలసి వస్తే ‘సమన్వయ లోపం’ అని రాస్తున్నాము. ప్రభుత్వ శాఖల గురించి వార్తాపత్రికలు వాడే మాట ఇది. దానిని మనం ఉన్నదున్నట్టు సంఘంలోకి తెచ్చుకున్నాము. ఈ మాటలో ఒక సౌకర్యం ఉంది. అందులో కర్త లేడు. పని ఎవరు చేయలేదో, ఎవరికి నష్టం కలిగిందో చెప్పకుండానే నివేదిక ముగించవచ్చు. ఐక్యత, సామరస్యం, క్రమం, ఏకమనస్సు అనే మాటలను కూడా ఇదే పద్ధతిలో వాడుతున్నామేమో అన్న అనుమానంతో ఈ వ్యాసం రాస్తున్నాము.

ఈ అనుమానం మా సొంత పరిచర్యలోనే పుట్టింది. సుమారు ఇరవై ఏళ్ళ క్రితం మేము కాపరిగా ఉన్న ఒక పల్లె సంఘంలో, ఆరాధన ముగిసిన తరువాత ఒక విధవరాలు లేచి నిలబడి, పంట పండుగ కానుకల లెక్క చెప్పమని అడిగింది. పెద్దలకు కోపం వచ్చింది. తరువాతి ఆదివారం మేము 1 కొరింథీ. 1:10 మీద, అంటే కక్షలు లేకుండా ఏకమనస్సుతో ఉండమనే హెచ్చరిక మీద, ప్రసంగించాము. ఆమె పేరు ఎత్తలేదు. ఎత్తవలసిన అవసరం కూడా లేకపోయింది. ఆ తరువాత చాలా నెలలు ఆమె గుడికి రాలేదు. “ఇప్పుడు సంఘం సామరస్యంగా ఉంది అయ్యగారూ” అని పెద్దలు అన్నారు. మేము ఆనాడు ఔనని తల ఊపాము. ఒక విధంగా ఈ వ్యాసం ఆ ప్రసంగానికి మేము రాసుకుంటున్న విమర్శ. పొందికను, కూర్పును చెప్పే మాటలు లేఖనంలో ఎలా వాడబడినవి, మనం ఎలా వాడుతున్నాము అన్నదే ఇక్కడి ప్రశ్న.

1. మన మాటలు ఏమి చెబుతున్నాయి?

‘సమన్వయం’ అనే మాటలో ‘అన్వయం’ ఉంది. పాత బడులలో పద్యం చెప్పేటప్పుడు ఉపాధ్యాయుడు ముందు పదాలు విడదీసి, తరువాత ఏది కర్త, ఏది కర్మ, ఏది క్రియ అని చూపి అన్వయించేవాడు. పద్యంలో పదాలు ఛందస్సు కోసం ఎక్కడెక్కడో పడి ఉంటాయి. అన్వయంలో ప్రతి పదం తనకు సంబంధించిన పదం దగ్గరకు చేరుతుంది. ఒక్క పదం మిగిలిపోయినా అన్వయం కుదరలేదన్నమాటే. ఆ పదం లేదనుకుని ముందుకు పోవడానికి మంచి ఉపాధ్యాయుడు ఒప్పుకోడు. బ్రహ్మసూత్రాలలో నాలుగవ సూత్రం ‘సమన్వయ’ పదాన్ని వాడింది. ఉపనిషత్తుల వాక్యాలన్నీ ఒకే తాత్పర్యం వైపు నడుస్తున్నాయని చూపడానికి వేదాంతులు దానిని వ్యాఖ్యానించారు. అక్కడ కూడా వాక్యాలను వదిలిపెట్టడం కాదు, ప్రతి వాక్యాన్నీ లెక్కలోకి తీసుకోవడమే సమన్వయం. నేటి కమిటీ భాషలో ఈ నియమం కనిపించదు. అడ్డు వచ్చిన పదాన్ని తీసివేసి, మిగిలినవి కుదిరాయని చెప్పడమే ఇప్పుడు సమన్వయంగా చెల్లుబాటు అవుతున్నది.

‘సామరస్యం’ సమరసం నుండి వచ్చినది. రసాలు సరిసమానంగా కలిశాయని దాని భావం. ‘ఐక్యత’, ‘ఏకీభావం’ ఒకటి కావడాన్ని చెబుతాయి. ‘క్రమం’ వరుసను చెబుతుంది. ‘పొందిక’, ‘పొంతన’, ‘అమరిక’ అనే తెలుగు మాటలు వేరువేరుగా ఉన్న రెండు వస్తువులు ఒకదానికొకటి సరిపోవడాన్ని చెబుతాయి. ఈ మూడు రకాల మాటలు మూడు వేరు సంగతులు. ఒకటి కావడం వేరు, వరుసలో ఉండటం వేరు, వేరుగా ఉంటూనే ఒకదానికొకటి అమరడం వేరు. ప్రసంగాలలో వీటిని మనం కలగాపులగంగా వాడుతున్నాము.

‘ఒద్దిక’ అనే మాటను చూడండి. దానికి పొందిక, అనుకూలత అన్న అర్థం ఉంది. కాని ఇళ్ళలో “ఆ కోడలు ఎంతో ఒద్దికగా ఉంటుంది” అన్నప్పుడు మన భావం ఏమిటి? ఎదురు మాట్లాడదని. పొందికను చెప్పవలసిన మాట అణకువ వైపు జారింది. అణగవలసినది కోడలే గాని అత్తగారు కాదని కూడా ఆ వాడుకకు తెలుసు. పొందికను చెప్పే మాటలన్నిటికీ ఈ ప్రమాదం ఉంది. బలవంతుని నోట పడినప్పుడు అవి బలహీనుని విధిగా మారిపోతాయి.

2. రోమా చెప్పిన శరీర ఉపమానం

ఈ ప్రమాదం మన భాషకే పరిమితం కాదు, కొత్తదీ కాదు. శరీరము–అవయవములు అనే ఉపమానాన్ని పౌలు మొదట చెప్పలేదని సెమినరీ విద్యార్థులకు తెలుసు. రోమా చరిత్రకారుడు లీవీ తన రెండవ గ్రంథంలో ఒక సంగతి రాశాడు. క్రీ.పూ. 494లో సామాన్య ప్రజలు అప్పుల బాధ తాళలేక పట్టణం విడిచి వెళ్ళిపోయారు. వారి దగ్గరకు మెనేనియుస్ అగ్రిప్ప అనే పెద్దమనిషిని పంపారు. అతడు వారికి ఒక కథ చెప్పాడు. కడుపు ఊరికే కూర్చుని తింటున్నదని చేతులు, నోరు, పళ్ళు దాని మీద తిరుగుబాటు చేసి అన్నం అందించడం మానివేశాయి. కొద్ది రోజులకు శరీరమంతా నీరసించింది. కడుపు కూడా తన పని తాను చేస్తున్నదని అప్పుడు అవయవాలకు తెలిసింది. పెద్దలే కడుపు, కష్టజీవులు చేతులు కాళ్ళు అన్నది కథ సారం. చేతులు మళ్ళీ పనికి వెళ్ళాలన్నది దాని తీర్పు.

అయితే లీవీ కథతో ఆగలేదు. ఆ తరువాత ఒప్పందం జరిగిందనీ, సామాన్యుల పక్షాన నిలబడడానికి ట్రిబ్యూనులనే అధికారులు ఏర్పడ్డారనీ కూడా చెప్పాడు. అంటే కథ విని మాత్రమే ప్రజలు తిరిగి రాలేదు. ఏర్పాటు మారింది, అందుకు వచ్చారు. ఉపమానం చెప్పేవారు సాధారణంగా ఈ రెండవ భాగాన్ని చెప్పరు.

మరొక సంగతి. రోమాలో సామరస్యానికి ఒక దేవత ఉండేది, పేరు కొంకోర్దియ. క్రీ.పూ. 121లో గాయుస్ గ్రాకుస్ అనే సంస్కర్త, అతని అనుచరులు హతమైన తరువాత, ఆ పని జరిపించిన కాన్సులు ఒపీమియుస్ అదే పట్టణంలో కొంకోర్దియ గుడిని తిరిగి కట్టించాడు. ఎవరో రాత్రివేళ వచ్చి, వైరం చేసిన పనే ఈ సామరస్యపు గుడిని కట్టిందన్న భావంతో దాని మీద ఒక వ్రాత వ్రాసిపోయారని ప్లూటార్కు చెబుతాడు. అణచివేత ముగిసిన చోట సామరస్యం పేరుతో గుడి లేచింది. కొరింథు క్రీ.పూ. 44లో రోమా వలసగా తిరిగి నిర్మించబడిన పట్టణం. అక్కడి విశ్వాసులకు పౌలు శరీరాన్ని గూర్చి రాసినప్పుడు, ఇటువంటి భాష వారి చుట్టూ గాలిలో ఉన్నదే.

3. పౌలు తిప్పి చెప్పిన ఉపమానం

సామరస్యం అనే అర్థంలో గ్రీకు పట్టణాల వక్తలు ఎంతో ఇష్టంగా వాడిన మాట ‘హొమోనోయా’. కొత్త నిబంధనలో అది ఒక్కసారి కూడా రాదు. మొదటి శతాబ్దం చివరలో రోమా నుండి అదే కొరింథుకు వెళ్ళిన క్లెమెంతు పత్రికలో మాత్రం అది పదే పదే వస్తుంది. తొలగించబడిన పెద్దలను తిరిగి గౌరవించమని అడుగుతూ, క్లెమెంతు సైన్యపు వరుసలను ఉదాహరణగా చూపాడు. బలవంతుడు బలహీనుని ఆదుకోవాలని కూడా ఆయన రాశాడు గనుక ఆయనను తేలికగా తీసివేయకూడదు. అయినా ఆయన మనసులో ముందుగా మెదిలిన చిత్రం సైన్యం. పౌలు 1 కొరింథీ. 12లో వేరే దారి పట్టాడు.

మెనేనియుస్ కథలో మాట్లాడేది, ఫిర్యాదు చేసేది చేతులు, అనగా కింది వారు. పౌలు చెప్పిన దానిలో మొదట పాదం, చెవి తాము శరీరంలోని వారము కామని బాధపడతాయి. తరువాత కన్ను చేతితో, తల పాదాలతో నీ అవసరం నాకు లేదని అంటాయి. పౌలు గద్దించినది ఈ రెండవ మాటను, అంటే పైవారి మాటను. ఆ తరువాత 24వ వచనంలో దేవుడు శరీరాన్ని కూర్చిన పద్ధతి చెప్పబడింది. తక్కువైన దానికే ఎక్కువ ఘనత ఇచ్చి కూర్చాడు. ఇక్కడి గ్రీకు క్రియ ‘సుంకెరాన్నుమి’, కలిపి మేళవించడం. కొత్త నిబంధనలో ఇది రెండు చోట్ల మాత్రమే వస్తుంది, రెండవది హెబ్రీ. 4:2. మన పాత అనువాదం 1 కొరింథీ. 12:24లో ‘అమర్చియున్నాడు’ అన్నది. మేళవింపు అన్న ఛాయ అందులో తగ్గినా, కర్త దేవుడేనని, అవయవాలు కలిసిపోయి గుర్తు తెలియకుండా పోలేదని ఆ మాట బాగా చెబుతుంది. ‘సమన్వయపరచాడు’ అని మార్చితే ఈ రెండూ పోయేవి.

అదే అనువాదకులు ఎఫెసీ. 2:21లోను, 4:16లోను ‘అమర్చబడి’ అన్నారు. అక్కడి గ్రీకు పదం ‘సునార్మొలొగెయో’. కొత్త నిబంధనలో అది ఈ రెండు చోట్లనే ఉంది. దాని గర్భంలో ‘హర్మొస్’ అనే మాట ఉంది. హర్మొస్ అంటే కీలు, రెండు వస్తువులు కలిసే చోటు. మన గాయక బృందాలు ‘హార్మనీ’ అని వాడే మాట కూడా దానికి బంధువే. ‘హర్మోనియ’ అనే నామవాచకం కొత్త నిబంధనలో లేదు గాని, ‘హర్మొస్’ హెబ్రీ. 4:12లో ఒకసారి వచ్చింది. మన అనువాదంలో అది ‘కీళ్లు’. కనుక సామరస్యానికి గ్రీకు మూలం కలిసిపోవడంలో లేదు, కీలులో ఉంది. మోచేయి పైఎముక, కింది ఎముక ఒకటి కావు. ఒకటైపోతే చేయి వంగదు. వైద్యులు దానిని రోగమంటారు.

ఎఫెసీ. 2:21లో అమర్చబడేది కట్టడం. ఆ కాలపు గొప్ప గ్రీకు కట్టడాలలో రాళ్ళ మధ్య సున్నం వేసేవారు కారు. రాతి ముఖాలను సరిగ్గా చెక్కి, నూరి, ఒకదాని మీద ఒకటి నిలిపి, లోపల ఇనుప బందులు పెట్టి సీసం పోసేవారు. సున్నం ఉంటే రాళ్ళ మధ్య సందులు అది కప్పిపెడుతుంది. సున్నం లేనప్పుడు ప్రతి రాయీ చెక్కించుకోవాలి. రెండు రాళ్ళలో ఒక దానినే చెక్కితే చాలదు. మన సంఘాలలో సామరస్యం అనే మాట ఎక్కువగా సున్నం పని చేస్తున్నదని మా అభిప్రాయం.

ఎఫెసీ. 4:16లోను, కొలొస్సీ. 2:2, 19లోను ‘సుంబిబాజో’ అనే మరో పదం వస్తుంది. మన అనువాదం ‘అతుకబడి’ అన్నది. నేటి చెవికి ఈ మాట కొంచెం తక్కువగా వినిపిస్తుంది. ‘అతుకుల బొంత’ అంటే మెచ్చుకోలు కాదు గదా. కొందరు యువ సేవకులు దీనిని మార్చి చదవడం మేము విన్నాము. మార్చనవసరం లేదని మా మనవి. విరిగిన ఎముక ‘అతుక్కున్నది’ అని ఇప్పటికీ మన ఇళ్ళలో సంతోషంగానే చెప్పుకుంటాము. శరీరాన్ని గూర్చిన వాక్యంలో ఆ అర్థమే సరిగ్గా సరిపోతుంది.

4. ‘సన్నద్ధులై’ – మేము తప్పుగా ప్రసంగించిన మాట

ఇక 1 కొరింథీ. 1:10. పాత అనువాదంలో ఇక్కడ ‘సన్నద్ధులై’ అనే మాట ఉంది. సన్నద్ధుడంటే ఆయుధం ధరించి సిద్ధపడినవాడు. కనుక మేము ఆనాడు సైన్యం గురించి చెప్పాము. అందరూ ఒకే అడుగు వేయాలనీ, వరుస తప్పినవారు శత్రువుకు దారి ఇస్తారనీ చెప్పాము. విన్నవారికి వరుస తప్పినది ఎవరో అర్థమయింది.

ఇక్కడి గ్రీకు క్రియ ‘కతర్తీజో’. మత్తయి 4:21, మార్కు 1:19లో జెబెదయి కుమారులు దోనెలో కూర్చుని తమ వలలకు చేస్తున్న పని ఇదే. తెలుగులో అక్కడ ‘బాగుచేసికొను’ అని ఉంది. గలతీ. 6:1లో తప్పిదంలో చిక్కుకున్నవానిని సాత్వికంగా తిరిగి దారికి తెచ్చే పనికి కూడా ఇదే పదం. గ్రీకు వైద్యులు తొలగిన కీలును, విరిగిన ఎముకను సరిచేయడానికి ఈ పదాన్ని వాడారు. మూడు చోట్ల మూడు తెలుగు మాటలు ఉండటం వల్ల ఈ బంధుత్వం మన పాఠకునికి కనిపించదు. ఇది అనువాదకుల నేరం కాదు. సందర్భాన్ని బట్టి మాట మార్చడం అనువాదంలో తప్పదు. కాని మూలభాష చదువుకున్న మా వంటి వారికి ఆ సాకు లేదు.

వల బాగుచేసేవాడు మొదట ఏమి చేస్తాడు? వలను చేతిలోకి తీసుకుని, తెగిన కన్ను ఎక్కడ ఉన్నదో వేళ్ళతో వెదుకుతాడు. పుత్తూరు కట్టు మనందరికీ తెలిసినదే. కట్టు కట్టేవాడు ముందు నొప్పి ఎక్కడో నొక్కి చూస్తాడు. రోగి కేకవేసిన చోటే అతనికి గుర్తు. ఎముకను సరిచేయకుండా పైన కట్టు కడితే ఎముక అతుకుతుంది గాని వంకరగా అతుకుతుంది. యిర్మీయా 6:14లో ప్రవక్త నిందించినది ఇటువంటి వైద్యాన్నే. గాయాన్ని పైపైన మాన్పి, లేని సమాధానాన్ని ఉన్నదని ప్రకటించిన యాజకులను, ప్రవక్తలను గూర్చి ఆయన మాట్లాడాడు. ఆనాడు లెక్క అడిగిన ఆ సహోదరి సంఘ శరీరంలో నొప్పి ఎక్కడ ఉన్నదో చూపించింది. మేము నొప్పిని చూడక కేకను ఆపాము. బాగుచేయడాన్ని చెప్పే వచనాన్ని నోరు మూయించడానికి వాడాము.

మరి కొరింథులో నిజంగా కక్షలు ఉన్నాయి కదా, కలహకారులను మందలించవద్దా అని తోటి కాపరులు అడగవచ్చు. మందలించాలి. తీతు 3:10 కూడా వాక్యమే. సంఘాన్ని చీల్చి తన గుంపు కట్టుకోవడానికి ఫిర్యాదును వాడుకునేవారు ఉన్నారు, మేమూ అట్టివారిని ఎదుర్కొన్నాము. అయితే కొరింథు కక్షలు నాయకుల పేర్ల మీద లేచినవి. పౌలు పేరు, అపొల్లో పేరు, కేఫా పేరు చెప్పుకుని అతిశయించినవారిని అపొస్తలుడు గద్దించాడు. లెక్క అడిగిన విధవరాలు ఎవరి పేరూ చెప్పలేదు. వచనాన్ని ఎవరి మీద ప్రయోగిస్తున్నామో చూడకుండా ప్రయోగించడమే మేము చేసిన తప్పు.

5. ఏకీభవించుట, క్రమము

‘ఏకీభవించు’ అనే మాటను మనం ఎప్పుడూ మంచి మాటగానే భావిస్తాము. మత్తయి 18:19లో ఇద్దరు ఏకీభవించి చేసే ప్రార్థనకు ప్రభువు వాగ్దానం ఇచ్చాడు. ఇక్కడి గ్రీకు పదం ‘సుంఫోనెయో’, స్వరాలు కలవడం. ఇదే పదం అపొ. కా. 5:9లో అననీయ, సప్పీరాలను గూర్చి వస్తుంది. వారు కూడా ఏకీభవించారు. సొమ్ము దాచి, ఆత్మను శోధించడానికి ఏకీభవించారు. మన అనువాదకులు రెండు చోట్లా ఒకే తెలుగు మాట వాడి మనకు ఎంతో మేలు చేశారు. ఆ ఇంట్లో అభిప్రాయ భేదం లేదు, సమన్వయ లోపం లేదు. ఆ భార్యాభర్తలలో ఒకరు కాదని ఉంటే బాగుండేది. ఏకగ్రీవ తీర్మానం అన్నంత మాత్రాన అది ఆత్మ కార్యం కాదని ఈ రెండు వచనాలను పక్కపక్కన పెట్టి చదివితే తెలుస్తుంది.

‘క్రమము’ విషయం కూడా అంతే. 1 కొరింథీ. 14:40 మన సంఘ సమావేశాలలో తరచుగా వినిపించే వచనం. ఎవరైనా చర్చ పొడిగిస్తే పెద్దలు దానిని గుర్తు చేస్తారు. ‘తాక్సిస్’ అనే మాట సైన్యపు వరుసకు కూడా వాడేదే. కాని ఆ అధ్యాయం చెప్పే వరుస ఎటువంటిది? 30వ వచనం ప్రకారం, కూర్చున్న మరొకనికి ఏదైన బయలుపడితే, మాట్లాడుతున్న మొదటివాడు ఆగాలి. అంటే నిలబడినవాడు కూర్చోవడం, కూర్చున్నవాడు నిలబడడం ఈ క్రమంలో భాగం. మౌనంగా ఉండమనే గ్రీకు క్రియ ఈ అధ్యాయంలో మూడుసార్లు వస్తుంది. 28వ వచనంలో అర్థం చెప్పేవాడు లేనప్పుడు భాషలతో మాట్లాడేవానికి, 30లో మాట్లాడుతున్న ప్రవక్తకు, 34లో స్త్రీలకు. మూడవ దాని మీద ప్రసంగాలు మేము లెక్కలేనన్ని విన్నాము. మొదటి రెండింటి మీద ప్రసంగం విన్న జ్ఞాపకం లేదు. 34వ వచనం మీద ఉన్న వ్యాఖ్యాన చర్చ ఈ వ్యాసంలో ఇమడదు. 11:5లో స్త్రీలు ప్రార్థించడం, ప్రవచించడం పౌలు ఉన్న సంగతిగానే తీసుకున్నాడని మాత్రం గుర్తుచేస్తున్నాము.

ఇంకొక సంగతి. 33వ వచనంలో అల్లరికి ఎదురుగా పౌలు పెట్టినది క్రమాన్ని కాదు, సమాధానాన్ని. ‘సమాధానం’ అనే మాట క్రైస్తవ తెలుగులో శాంతికి, బయటి తెలుగులో ప్రశ్నకు జవాబుకు వాడుకలో ఉంది. సంస్కృత మూలాన్ని చూస్తే చక్కగా కలిపి ఉంచడం అని దాని భావం. ఈ మూడు అర్థాలు ఒకే మాటలో ఇమడడం తెలుగు విశ్వాసులకు దొరికిన భాగ్యం. ప్రశ్నకు సమాధానం చెప్పని సంఘంలో సమాధానం ఉండదని బోధించడానికి మనకు వేరే ఉపమానం అక్కరలేదు.

6. సువార్తల సమన్వయం

సెమినరీలో ఈ మాట మరో చోట వినిపిస్తుంది. నాలుగు సువార్తలను కలిపి ఒకే కథనంగా చేయడాన్ని సువార్తల సమన్వయం అంటాము. రెండవ శతాబ్దంలో తతియాను చేసిన దియాతెస్సరోను అందులో ప్రసిద్ధమైనది. సిరియా సంఘాలు దానిని చాలా కాలం ఆరాధనలోనే చదివాయి. అయినా ఐదవ శతాబ్దంలో సంఘం దానిని పక్కన పెట్టింది. కూరు పట్టణపు బిషప్పు తియొదొరేతు తన ప్రాంతంలో రెండు వందలకు పైగా ప్రతులను తీసివేయించి, వాటి స్థానంలో నలుగురు సువార్తికుల గ్రంథాలను పెట్టించానని రాశాడు. ఆయన నిర్ణయానికి తతియాను సిద్ధాంతాల మీద ఉన్న అనుమానం కూడా ఒక కారణం. ఏ కారణమైనా ఫలితం మనకు మేలైనది. మార్కు తొందర, లూకా పేదల పక్షం, యోహాను లోతు మనకు వేరువేరుగా మిగిలాయి. విద్యార్థులు వ్యాసాలలో ‘ఈ భేదాన్ని ఇలా సమన్వయించవచ్చు’ అని రాసేటప్పుడు, భేదం ఏమి చెబుతున్నదో ముందు విని, తరువాత ఆ మాట రాయాలని మా సూచన.

7. సణుగుడు నుండి ఏర్పాటు వరకు

అపొ. కా. 6లో సంఘ చరిత్రలోని మొదటి సమన్వయ లోపం ఉంది. అనుదిన పరిచర్యలో గ్రీకుభాష మాట్లాడే యూదుల విధవరాండ్రు విడిచిపెట్టబడుతున్నారు. వారి పక్షాన సణుగుడు పుట్టింది. పాత నిబంధన చదివినవారికి సణుగుడు అనగానే అరణ్యం, శిక్ష గుర్తుకు వస్తాయి. ఐక్యత మీద ప్రసంగించడానికి అపొస్తలులకు ఇంతకంటే మంచి అవకాశం దొరకదు. వారు ఆ పని చేయలేదు. లోపం ఉన్నదని ఒప్పుకుని, సంఘాన్ని సమకూర్చి, ఏర్పాటునే మార్చారు. ఎన్నుకోబడిన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. నష్టపోయినవారి వైపునుండే వడ్డించే చేతులు వచ్చాయని చాలామంది వ్యాఖ్యాతలు గ్రహించారు. ఆ తరువాత వాక్యం ప్రబలిందని లూకా రాశాడు. రోమాలో ప్రజలు ఏర్పాటు మారిన తరువాతనే తిరిగి వచ్చారని పైన చూశాము. యెరూషలేములో ఎవరూ పట్టణం విడిచి వెళ్ళవలసిన అవసరం రాకముందే ఏర్పాటు మారింది.

మన నేల మీద కూడా ఇటువంటి ఓపికకు ఉదాహరణ ఉంది. 1919లో తరంగంబాడిలో దక్షిణ భారత సంఘాల కలయికకు పిలుపు వెలువడింది. అందులో ముఖ్యుడు దోర్నకల్ బిషప్పు అజరయ్య. కలయిక జరిగినది 1947 సెప్టెంబరు 27న. మధ్యలో ఇరవై ఎనిమిది ఏళ్ళు. అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూశారు, కలయికను చూడలేదు. అంత కాలం ఎందుకు పట్టింది? ఒక పక్షపు పరిచారకులను మరొక పక్షం తిరిగి అభిషేకించకుండా ఎలా అంగీకరించాలి అన్నటువంటి కీళ్ళ దగ్గర వారు ఆగారు, చెక్కారు, తిరిగి పెట్టి చూశారు. అప్పటికీ నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో చాలామంది 1947లో చేరలేదు. ఆ అతుకు తరువాతి కాలంలో గాని పడలేదు. పై స్థాయిలో సంఘాలు ఇంత ఓపికగా అమర్చబడిన తరువాత కూడా, ఒకే ఊరిలో మాల పేటకు, మాదిగ పేటకు మధ్య పెళ్ళి సంబంధం గాని, కొన్ని చోట్ల ఒకే గుడి గాని కుదరని సంగతి మనకు తెలుసు. అక్కడ ఐక్యత ఆదివారాలను మనం ఏటేటా ఆచరిస్తున్నాము. ఆ కీలును మాత్రం ముట్టుకోవడం లేదు. ఎఫెసీ. 4:16లో కీలు అని అనువదించిన ‘హఫే’ అనే మాట, ముట్టుకోవడం అనే క్రియ నుండి వచ్చినది.

ముగింపు

సమన్వయం, సామరస్యం అనే మాటలను విడిచిపెట్టమని మేము చెప్పడం లేదు. వాటిని వాడే ముందు కాపరి తనను తాను మూడు ప్రశ్నలు వేసుకోవాలని కోరుతున్నాము. ఈ మాటతో ఎవరిని మౌనంగా ఉండమంటున్నాను, నిలబడి మాట్లాడుతున్నవానినా, కూర్చున్నవానినా? చెక్కించుకోవలసినది ఒక రాయేనా, రెండూనా? ఈ అన్వయంలో ఏ పదమైనా మిగిలిపోయిందా? మూడవ ప్రశ్నకు ఔనని జవాబు వస్తే, ఆ కూర్పుకు ఏ పేరైనా పెట్టవచ్చు గాని సమన్వయం అని మాత్రం అనకూడదు.

ఆ పల్లె సంఘంలో మరుసటి సంవత్సరం పంట పండుగ లెక్కను పెద్ద అక్షరాలతో రాయించి గుడి గుమ్మం పక్కన అంటించాము. పెద్దలు కొంత సణిగారు, తరువాత అలవాటు పడ్డారు. పాత లెక్కలు తీసి చూస్తే తేడా పెద్దది కాదు, కాని తేడా ఉన్న మాట నిజం. ఈ సంగతి ఆమెకు స్వయంగా చెప్పాలని ఆమె ఇంటికి వెళ్ళాము. అప్పటికే ఆమె ఇల్లు అమ్ముకుని కూతురి ఊరికి వెళ్ళిపోయింది. ఇప్పటికీ 1 కొరింథీ. 1:10 చదివినప్పుడు మేము ‘సన్నద్ధులై’ అనే మాట దగ్గర ఆగుతాము. విద్యార్థులకు ఆ మాట చెప్పేటప్పుడు ముందు దోనెను, దోనెలోని వలను చూపించి, ఆ తరువాతనే కక్షల గురించి మాట్లాడుతున్నాము.